పశ్చిమ ఆఫ్రికా పులుసులు: మారిన దినుసులు, నిలిచిన పద్ధతి

వ్యాససంగ్రహం

పశ్చిమ ఆఫ్రికా ప్రజల భోజనంలో ధాన్యంతోనో దుంపతోనో చేసిన ముద్ద ఒక సగమైతే, దానిని అద్దుకొని మింగడానికి వండే చిక్కని పులుసు రెండో సగం. ఈ పులుసుల గురించి ప్రాచీన పాకశాస్త్ర గ్రంథాలేవీ లేవు. అయినా పురావస్తు అవశేషాలను, యాత్రికుల రచనలను, భాషాపదాలను, వాణిజ్య చరిత్రను, అట్లాంటిక్ ఆవలి తీరపు వంటలను కలిపి చదివితే వీటి చరిత్రను చాలావరకు పునర్నిర్మించవచ్చు. నేడు సంప్రదాయ వంటలుగా పేర్కొంటున్న అనేక పులుసులలో మిరప, వేరుశనగ, టమాటా వంటి అమెరికా ఖండపు దినుసులు ఉన్నాయి. ఈ స్థితిలో సంప్రదాయం అనే మాటకు అర్థమేమిటన్నది ఈ వ్యాసం చర్చించే ప్రధాన సమస్య. దినుసులు పలుమార్లు మారినా పులుసు నిర్మాణం, దానిని నడిపే జ్ఞానం నిలిచాయని, సంప్రదాయాన్ని అక్కడే వెతకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పశ్చిమ ఆఫ్రికా, ఆహార చరిత్ర, పులుసు, బెండ, వేరుశనగ, ఆయిల్ పామ్, అట్లాంటిక్ బానిస వ్యాపారం, స్త్రీల జ్ఞానం.

1. ఉపోద్ఘాతం

సూప్ అనే ఆంగ్ల పదం తెలుగు పాఠకులకు హోటలులో భోజనానికి ముందు చిన్న గిన్నెలో తెచ్చి ఇచ్చే పలుచని పానీయాన్ని గుర్తుకు తెస్తుంది. నైజీరియా, ఘానా వంటి దేశాలలో ఆ పదానికి అర్థం వేరు. అక్కడ సూప్ అంటే ముద్దతో తినే చిక్కని వంటకం. హౌసా భాషలో దీనిని మియా అని, యొరూబాలో ఒబె అని, ఇగ్బోలో ఒఫె అని, ఘానాలోని అకాన్ భాషలో న్క్వాన్ అని అంటారు. టమాటా, ఉల్లి, మిరప నూనెలో మగ్గబెట్టి ఎక్కువగా అన్నంలోకి చేసేదానిని నైజీరియా వాడుకలో స్ట్యూ అంటారు. ముద్దకు తోడయ్యేది సూప్. రాయలసీమలో రాగి సంగటికీ, దానితో తినే ఆకుకూర పులుసుకూ ఉన్న సంబంధం ఈ రెంటి మధ్య ఉంది. ముద్దను కుడిచేతి వేళ్లతో తుంచి, పులుసులో అద్ది, నమలకుండా మింగడం అక్కడి రీతి. అందుచేత ఈ వ్యాసంలో పులుసు అనే మాటనే వాడటమైనది. చింతపండు పులుపు ఇందులో ఉండనవసరం లేదని మాత్రం గమనించాలి.

ఆహార చరిత్ర రచనలో ఈ పులుసులకు చాలాకాలం తగిన స్థానం దక్కలేదు. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జాక్ గుడీ 1982లో ప్రచురించిన గ్రంథంలో వంటకూ సామాజిక వర్గానికీ గల సంబంధాన్ని ఉత్తర ఘానాలోని లోదగా, గోంజా ప్రజల ఆధారంగా పరిశీలించాడు. యూరప్, చైనా, భారతదేశాలలో రాజస్థానాల చుట్టూ ప్రత్యేకమైన ఉన్నత పాకశైలి ఏర్పడగా, గోంజా వంటి రాజ్యంలో కూడా నాయకుడి వంటకూ సామాన్యుడి వంటకూ ప్రధాన భేదం పరిమాణంలోనే ఉందని ఆయన గుర్తించాడు. గుడ్డలి వ్యవసాయం, లిపి లేకపోవడం, వంటపని ఇంటి స్త్రీల చేతిలోనే ఉండటం దీనికి కారణాలుగా చూపాడు. ఈ పరిశీలన విలువైనదే. కానీ ఉన్నత పాకశైలి లేకపోవడాన్ని వంటకు చరిత్రే లేకపోవడంగా అర్థం చేసుకొనే ప్రమాదం ఇందులో ఉంది. భారతీయ ఆహార చరిత్రకారుడికి 12వ శతాబ్దికి చెందిన కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుని మానసోల్లాసం వంటి గ్రంథం అందుబాటులో ఉంది. అటువంటి గ్రంథం లేనిచోట చరిత్రకారుడు వంటగది వైపే చూడాలి. జేమ్స్ మెక్‌కాన్ 2009లో వెలువరించిన ఆఫ్రికా పాకచరిత్ర, అదే సంవత్సరం జుడిత్ కార్నీ, రిచర్డ్ రోజోమోఫ్ కలిసి ప్రచురించిన గ్రంథం ఈ దిశలో ముఖ్యమైన ప్రయత్నాలు.

2. కుండ పెంకుల సాక్ష్యం

ఈ పులుసుల ప్రాచీనతకు ప్రత్యక్ష సాక్ష్యం మధ్య నైజీరియా నుండి లభించింది. క్రీ.పూ. 1500 ప్రాంతం నుండి క్రీస్తుశకారంభం వరకు అక్కడ వర్ధిల్లిన నోక్ సంస్కృతి మట్టిబొమ్మలకు ప్రసిద్ధి. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ గోథే విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నోక్ స్థలాలలో దొరికిన 450కి పైగా కుండల పెంకులను రసాయనికంగా పరీక్షించి, 2022లో ఫలితాలను ప్రచురించారు. వాటిలో 66 కుండలలో కొవ్వు పదార్థాల జాడలు మిగిలి ఉన్నాయి. ఆకుల మీది మైనపు పూత జాడలు కూడా వాటిలో కనిపించడంతో, ఆ కుండలలో ఆకుకూరలు ఉడికాయని వారు నిర్ధారించారు. ఆకులు నేలలో కుళ్లిపోతాయి. ధాన్యపు గింజల వలె బొగ్గై మిగలవు. అందుచేత పురావస్తు శాస్త్రానికి అంతవరకు కనిపించని వంట, మట్టికుండ పీల్చుకున్న జిడ్డు ద్వారా బయటపడింది. నేటి నైజీరియా వంటింటిలో ఉడికే ఆకు పులుసుకు మూడువేల ఏళ్లకు మించిన పూర్వరూపం ఉందని దీనినిబట్టి చెప్పవచ్చు.

ఘానా మధ్యభాగంలో క్రీ.పూ. రెండవ సహస్రాబ్దికి చెందిన కింటంపో సంస్కృతి స్థలాలలో అలసందలు, ఆయిల్ పామ్ గింజలు దొరికాయి. ఆకు, పప్పుగింజ, ఎర్రనూనె అనే మూడు పదార్థాలూ ఈ విధంగా అతి ప్రాచీన కాలానికి చెందినవేనని తెలుస్తున్నది.

లిఖిత ఆధారాలలో ముఖ్యమైనది మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రచన. ఆయన 1352-53లో మాలి సామ్రాజ్యంలో పర్యటించాడు. దారిలోని గ్రామాలలో స్త్రీలు సజ్జ వంటి ధాన్యాలు, బియ్యం, ఫోనియో అనే చిరుధాన్యం, అలసంద పిండి, కోళ్లు అమ్మకానికి తెచ్చేవారని ఆయన పేర్కొన్నాడు. భూమిలోనుండి తవ్వి తీసే, చిక్కుడు గింజను పోలిన ఒక పప్పును వేయించి తినేవారని, దాని రుచి వేయించిన శనగలను పోలి ఉండేదని కూడా వ్రాశాడు. కొలంబస్ ప్రయాణానికి సుమారు 140 ఏళ్ల ముందటి ఈ వర్ణన వేరుశనగకు సంబంధించినది కావడానికి వీలులేదు. ఇది పశ్చిమ ఆఫ్రికాకు స్వంతమైన బంబారా పప్పు అని పరిశోధకులు భావిస్తారు. తరువాతి చరిత్రకు ఈ పప్పు కీలకమైనది.

ఇబ్న్ బతూతా సాక్ష్యానికి ఒక పరిమితి ఉంది. దారిలో తనకు దొరికిన ధాన్యాన్ని ఆయన చూశాడు. పొయ్యి మీది కుండలో ఏమి ఉడుకుతున్నదో వివరించలేదు. ఆపై శతాబ్దాలలో వచ్చిన యూరోపియన్ వర్తకుల రచనలకు కూడా చాలావరకు ఇదే లక్షణం. వర్తకుడి దృష్టి అమ్మకపు సరుకు మీద ఉంటుంది. పులుసు అమ్మకపు సరుకు కాదు.

3. పులుసు నిర్మాణం

ప్రాంతాన్ని బట్టి, జాతిని బట్టి పులుసులు వందలాదిగా ఉన్నా వాటి నిర్మాణంలో ఐదు స్థానాలు తరచుగా కనిపిస్తాయి. మొదటిది చిక్కదనం, రెండవది ఆకు, మూడవది కొవ్వు, నాలుగవది ఘాటు, ఐదవది పులియబెట్టిన గింజలనుండి వచ్చే గాఢమైన రుచి. మాంసం, చేప, ఎండు రొయ్య వీటికి తోడవుతాయి కానీ అవి స్తోమతను బట్టి మారుతుంటాయి. పై ఐదింటిలో ఏది ఉండాలి, దేనిని వదలాలి అన్నదానిని బట్టి పులుసుకు పేరు వస్తుంది.

చిక్కదనం రెండు విధాలుగా సాధిస్తారు. బెండకాయ, జనపనార జాతి ఆకు, బావొబాబ్ ఎండుటాకు పొడి జిగురునిస్తాయి. యొరూబాల ఎవెడు జనపనార జాతి ఆకుతో, హౌసాల మియార్ కూకా బావొబాబ్ ఆకు పొడితో చేసే పులుసులు. హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లా ఆవరణలో హతియాన్ ఝాడ్ పేరుతో ప్రసిద్ధమైన మహావృక్షం ఈ బావొబాబ్ జాతిదే. తెలుగువారికి అది చూడదగ్గ వింత. హౌసా ఇల్లాలికి అది కూరాకు. రెండవ విధానంలో నూరిన గింజలు పులుసును చిక్కబరుస్తాయి. ఎగుసి అనే పుచ్చ జాతి మొక్క గింజలను ఇందుకు విరివిగా వాడతారు.

ఆకులలో చేదాకు, తోటకూర జాతులు, చేమ జాతి ఆకులు ప్రధానమైనవి. ఇగ్బోల ఒఫె ఒనుగ్బు చేదాకు పులుసు. ఆకును పలుమార్లు నలిపి, కడిగి, కావలసినంత చేదు మాత్రమే మిగిల్చి వండుతారు. గోంగూర జాతి పుల్లని ఆకును హౌసాలు యాకువా అంటారు. ఈ జాతి మొక్కల మూలస్థానం ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. జొన్న, సజ్జ, రాగి, అలసంద కూడా ఆ ఖండంలోనే పుట్టి, ప్రాచీన కాలంలో భారత ఉపఖండానికి చేరిన పంటలు. సంగటి ముద్ద, ఆకు పులుసు అనే భోజనపు అమరిక రెండు చోట్లా స్వతంత్రంగా ఏర్పడి ఉండవచ్చు. కానీ ఆ అమరికలోని కొన్ని పంటలు మాత్రం నిస్సందేహంగా ఉమ్మడివి.

పులియబెట్టిన గింజలు ఈ నిర్మాణానికి ప్రాణం. పార్కియా జాతి చెట్టు గింజలనుండి తయారయ్యే ఈ పదార్థాన్ని హౌసాలు దవాదవా అని, యొరూబాలు ఇరూ అని, మాందే భాషలవారు సుంబలా అని, వొలొఫ్‌లు నెతెతు అని వ్యవహరిస్తారు. గట్టి గింజలను చాలాసేపు ఉడికించి, దంచి పొట్టు తీసి, కడిగి, తిరిగి ఉడికించి, ఆకులు కప్పి రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచుతారు. బాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు గింజలోని మాంసకృత్తులను విడగొట్టడం వల్ల ఘాటైన వాసన, మాంసాన్ని తలపించే రుచి కలుగుతాయి. స్కాట్లండ్ యాత్రికుడు ముంగో పార్క్ 1799లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో ఈ చెట్టును నిట్టా అనే స్థానిక నామంతో పేర్కొన్నాడు. తరువాత రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆయన పేరుమీద దీనికి పార్కియా అని నామకరణం చేశాడు. చెట్టుకు యాత్రికుడి పేరు దక్కింది. దాని గింజను రుచిగా మార్చే ప్రక్రియను కనిపెట్టిన స్త్రీల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు.

4. అట్లాంటిక్ ఆవలినుండి వచ్చిన దినుసులు

16వ శతాబ్దినుండి పోర్చుగీసు నౌకల ద్వారా అమెరికా ఖండపు పంటలు పశ్చిమ ఆఫ్రికా తీరానికి చేరాయి. మొక్కజొన్న, కర్రపెండలం, వేరుశనగ, మిరప, టమాటా వీటిలో ముఖ్యమైనవి. ఇవి పులుసును ధ్వంసం చేయలేదు. ఒక్కొక్కటి ఆ నిర్మాణంలో అప్పటికే ఉన్న ఒక స్థానంలో కుదురుకొన్నది.

మిరప ఉదాహరణ స్పష్టమైనది. దానికి ముందు ఘాటుకోసం స్వర్గపు గింజలని యూరప్‌లో పేరొందిన అఫ్రమోమం విత్తులను, ఆఫ్రికా మిరియాన్ని, ఉదా అనే సుగంధ కాయను వాడేవారు. పోర్చుగీసువారు బెనిన్ రాజ్యంనుండి ఆఫ్రికా మిరియాన్ని యూరప్‌కు తీసుకొనిపోయారు. 1498లో వాస్కో డ గామా కేరళ తీరం చేరిన తరువాత భారతీయ మిరియాల పోటీకి అది నిలువలేకపోయింది. స్వదేశంలో మిరప దాని స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. యొరూబాలో మిరపను అట అంటారు. అఫ్రమోమం గింజల పేరైన అటారేలో కూడా ఆ మాటే వినిపిస్తుంది. తెలుగులో మిరప అనే మాటకు మిరియంతో గల సంబంధం ఇటువంటిదే. రెండు సమాజాలూ కొత్త కాయను పాత ఘాటు పేరుతోనే పలకరించాయి. ఈ కాయను రెండు తీరాలకూ చేర్చింది కూడా ఒకే పోర్చుగీసు నౌకామార్గం.

పాత దినుసులు పూర్తిగా మాయం కాలేదు. ఇగ్బో సమాజంలో బాలింతకు పెట్టే వేడి పులుసులో ఉదా, ఆఫ్రికా మిరియం నేటికీ తప్పనిసరి. తెలుగు ఇండ్లలో బాలింత పథ్యంలో మిరపను తగ్గించి మిరియాలకు ప్రాధాన్యమివ్వడం దీనితో పోల్చదగినది. రోజువారీ వంట కొత్త దినుసును త్వరగా స్వీకరిస్తుంది. పథ్యం, వ్రతం, కర్మకాండ పాతదానిని నిలుపుకొంటాయి. ఆహార చరిత్రకారుడికి ఇది ఉపయోగకరమైన సూత్రం.

వేరుశనగ విషయంలో ఈ మార్పిడి మరింత సహజంగా జరిగింది. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ పంట కూడా బంబారా పప్పు వలె భూమిలోనే కాయ కాస్తుంది. నాటే పద్ధతి, తవ్వే పద్ధతి రైతుకు అప్పటికే తెలుసు. పైగా ఇందులో నూనె అధికం. నూరిన గింజతో పులుసును చిక్కబరచే నైపుణ్యం ఎగుసి వంటి గింజల ద్వారా వంటింటిలో సిద్ధంగా ఉంది. ఆ విధంగా మాలిలోని తిగదెగెనా, సెనెగల్‌లోని మాఫె, ఘానాలోని న్కతెన్క్వాన్ అనే వేరుశనగ పులుసులు రూపొందాయి. ఇవి నేడు పశ్చిమ ఆఫ్రికా సంప్రదాయ వంటకు ప్రతీకలు. దినుసును మాత్రమే చూసేవారికి ఇవి దిగుమతి వంటలుగా కనిపిస్తాయి. నిర్మాణాన్ని చూసేవారికి ఇవి పాత వంటకు కొనసాగింపులు.

ముద్ద కూడా మారింది. పెండలం, జొన్న, సజ్జ ముద్దల పక్కన మొక్కజొన్న, కర్రపెండలం ముద్దలు చేరాయి. ఒలౌదా ఇక్వియానో 1789లో ప్రచురించిన ఆత్మకథలో ఇగ్బోల ఆహారాన్ని వర్ణిస్తూ మాంసాన్ని ఉడికించి మిరియం, ఇతర సుగంధ ద్రవ్యాలు, కట్టెల బూడిదనుండి తీసిన ఉప్పు కలిపేవారని చెబుతాడు. పెండలం, అరటి, చిక్కుళ్లతోపాటు మొక్కజొన్నను కూడా తమ పంటగానే పేర్కొంటాడు. ఇక్వియానో జన్మస్థలం విషయంలో విన్సెంట్ కరెట్టా లేవనెత్తిన సందేహాలు పరిశోధకులకు తెలిసినవే. ఆ వర్ణన స్వానుభవమైనా, తోటి బంధితుల నోట విన్నదైనా, 18వ శతాబ్ది చివరికి మొక్కజొన్న ఇగ్బో పంటగా గణనకెక్కిందనడానికి అది సాక్ష్యమే.

5. సముద్రం దాటిన పద్ధతి

దినుసులు పడమటినుండి తూర్పునకు వచ్చిన ఆ నౌకామార్గంలోనే మనుషులు తూర్పునుండి పడమటికి బలవంతంగా తరలిపోయారు. 16వ శతాబ్ది ఆరంభంనుండి 19వ శతాబ్ది మధ్యకాలం దాటేవరకు సుమారు 1 కోటి 25 లక్షల మంది ఆఫ్రికన్లను ఓడలకెక్కించారని చరిత్రకారుల అంచనా. బానిస ఓడలలో వైద్యుడిగా పనిచేసి, తరువాత ఆ వ్యాపారాన్ని వ్యతిరేకించిన అలెగ్జాండర్ ఫాల్కన్‌బ్రిడ్జ్ 1788లో ప్రచురించిన రచనలో ఓడ మీది భోజనాన్ని వర్ణించాడు. ఉడికించిన చిక్కుళ్ల మీద పామాయిలు, పిండి, నీరు, మిరియం కలిపిన ఒక ద్రవం పోసేవారు. నావికులు దానికి హేళనగా ఒక పేరు పెట్టుకొన్నారు. కొవ్వు, ఘాటు, చిక్కదనం అనే మూడు స్థానాలూ అందులో ఉన్నాయి. కానీ ఆకు లేదు, పులిసిన గింజ లేదు, వండే ఇల్లాలి చేయి లేదు. పులుసు అస్థిపంజరాన్ని మాత్రం మిగిల్చి, మనుషులను అమ్మకం వరకు ప్రాణాలతో ఉంచడానికి వాడుకొన్న తిండి అది.

అటువంటి ప్రయాణం తరువాత కూడా పులుసు మళ్లీ ప్రాణం పోసుకొన్నది. బ్రెజిల్‌లోని బహియా ప్రాంతంలో బెండకాయ, ఎండు రొయ్యలు, ఎర్ర పామాయిలుతో చేసే కరురు నేటికీ ప్రసిద్ధం. సెప్టెంబరు 27న క్రైస్తవ జంట మునులైన కాస్మే, డమియాన్‌ల పండుగనాడు దీనిని వండి పిల్లలకు పెడతారు. యొరూబా సంప్రదాయంలోని కవల దైవాలైన ఇబెజీల ఆరాధన ఈ పండుగ చాటున నిలిచింది. కరీబియన్ దీవులలోని కలలూ చేమ జాతి ఆకులు లేదా తోటకూరతో చేసే వంట.

అమెరికాలోని లూసియానాలో వండే గంబో మరింత సంక్లిష్టమైన ఉదాహరణ. ఆ పేరు మధ్య ఆఫ్రికాలోని బంటు భాషలలో బెండకాయకు వాడే కింగోంబో అనే పదంనుండి వచ్చింది. ఆంగ్లంలోని ఓక్రా అనే పదం మాత్రం ఇగ్బోనుండి వచ్చింది. ఫ్రెంచి పాలనాకాలంలో లూసియానాకు చేర్చిన బానిసలలో అధికభాగం సెనెగాంబియా ప్రాంతంవారని గ్వెండొలిన్ మిడ్లో హాల్ 1992లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించింది. బెండ స్థానంలో కొందరు వాడే సాసఫ్రాస్ ఆకు పొడి స్థానిక చొక్టా జాతివారిది. పిండిని కొవ్వులో వేయించి చిక్కబరచే విధానం ఫ్రెంచివారిది. పేరు ఒక చోటిది, మనుషులు మరొక చోటివారు, పొడి ఇంకొక చోటిది. వీటన్నిటినీ పట్టి ఉంచినది జిగురుగల చిక్కని పులుసును పిండివంటకు తోడుగా వండే పద్ధతి. బావొబాబ్ ఆకు పొడి వేసిన చేతులకు సాసఫ్రాస్ ఆకు పొడి స్థానం వెంటనే అర్థమై ఉంటుందని ఊహించడం అసంగతం కాదు.

మేరీ రాండాల్ఫ్ 1824లో ప్రచురించిన వర్జీనియా వంటల పుస్తకంలో గంబో, బెండకాయ సూప్ రెండూ చేరాయి. అచ్చులో పుస్తకం యజమానురాలి పేరు ఉంది. ఆ కాలపు వర్జీనియా సంపన్న గృహాలలో పొయ్యి ముందు నిలిచినవారు ప్రధానంగా బానిస స్త్రీలు. వారి పేర్లు లేవు. లిపి లేని సమాజానికి వంట చరిత్ర ఉండదన్న అభిప్రాయాన్ని ఈ సందర్భంలో తిరగవేసి చూడాలి. లిపి ఉన్నచోట కూడా ఆ చరిత్ర కర్తలను నమోదు చేయలేదు.

6. వలస వాణిజ్యం, పులుసు దినుసులు

1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించిన తరువాత ఆ దేశపు వర్తకులు పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఇతర సరుకులమీద దృష్టి పెట్టారు. సబ్బులకు, కొవ్వొత్తులకు, యంత్రాల కందెనకు పామాయిలు కావలసివచ్చింది. అంతవరకు పులుసుకు రంగూ రుచీ ఇచ్చిన ఎర్రనూనె లివర్‌పూల్ రేవుకు పీపాలలో చేరసాగింది. నైజర్ నదీముఖప్రాంతానికి బ్రిటిష్‌వారు 1885లో పెట్టిన పేరే ఆయిల్ రివర్స్ సంరక్షిత రాజ్యం.

వేరుశనగది కూడా ఇదే దారి. 1830ల నుండి గాంబియానుండి, 1840ల నుండి సెనెగల్‌నుండి అది యూరప్‌కు ఎగుమతి అయింది. ఉత్తర నైజీరియాలో పత్తి పండించాలన్న ఉద్దేశంతో బ్రిటిష్ ప్రభుత్వం రైలుమార్గాన్ని కానో వరకు పొడిగించింది. 1912 నాటికి రైలు సౌకర్యం ఏర్పడగా హౌసా రైతులు పత్తికి బదులు వేరుశనగ వైపు మొగ్గారు. ధర ఉంటే అమ్మవచ్చు, లేకుంటే ఇంటి కుండలో వేయవచ్చు అన్న వెసులుబాటు పత్తికి లేదు. వలస ప్రభుత్వపు ప్రణాళికను తారుమారు చేసిన ఈ నిర్ణయాన్ని రైతు ఆర్థిక వివేకంగా చరిత్రకారులు గుర్తించారు.

ఈ వాణిజ్యంలో స్త్రీల స్థితి వేరు. ఇగ్బో ప్రాంతంలో పామాయిలు సాధారణంగా భర్తకు చెందగా, గెలలోని కాయను పగులగొట్టి తీసే గింజలమీద హక్కు భార్యది. నూనె తీసే శ్రమలో అధికభాగం కూడా ఆమెదే. 1929 చివర పామ్ ఉత్పత్తుల ధరలు పడిపోయిన సమయంలో స్త్రీలపై కూడా పన్ను వేస్తారన్న భయం వ్యాపించింది. ఆగ్నేయ నైజీరియాలో వేలాది స్త్రీలు వలస పాలనకూ, దాని నియమిత నాయకులకూ వ్యతిరేకంగా తిరుగుబాటు చేశారు. స్త్రీల యుద్ధంగా పేరొందిన ఈ ఘటనలో సైనికుల, పోలీసుల కాల్పులకు 50 మందికి పైగా స్త్రీలు మరణించారు. పన్ను, పాలన దీనికి తక్షణ కారణాలు. అయితే పులుసులో పోసే నూనెను తీసే చేతులూ, ఎగుమతికి గింజ పగులగొట్టే చేతులూ ఒక్కటేనని గుర్తించకుండా ఈ తిరుగుబాటును పూర్తిగా అర్థం చేసుకోలేము.

అదే ఆయిల్ పామ్ నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో విస్తారంగా సాగవుతున్న పంట. ఏలూరు సమీపంలోని పెదవేగిలో దీనిపై జాతీయ పరిశోధనా సంస్థ ఉంది. తెలుగు నేలకు ఇది శుద్ధిచేసిన, రంగూ వాసనా లేని వంటనూనెగా పరిచయమైంది. పశ్చిమ ఆఫ్రికాలో దాని ఎరుపు, వాసన, రుచి మూడూ పులుసుకు అవసరం. కాయలను ఉడికించి, దంచి, పిండి, వడగట్టిన రసంతోనే అకాన్‌ల అబెన్క్వాన్ తయారవుతుంది. చెట్టు ప్రయాణం చేసింది కానీ దానితోపాటు వంట రాలేదు. వంటవారు ప్రయాణం చేసిన బహియాకు చెట్టూ, పద్ధతీ రెండూ చేరాయి.

7. రుచి బిళ్లలు: ఐదవ స్థానంలో మార్పు

పులుసు నిర్మాణంలో అన్నిటికంటే గట్టిగా నిలిచినది పులియబెట్టిన గింజల స్థానం. 20వ శతాబ్దిలో మార్పు అక్కడికి కూడా చేరింది. స్విట్జర్లాండ్‌లో జూలియస్ మాగీ సంస్థ 1908లో తయారుచేసిన మాంసరసపు బిళ్ల కాలక్రమంలో పశ్చిమ ఆఫ్రికా అంతటా వ్యాపించింది. భారతదేశంలో మ్యాగీ అంటే నూడుల్స్. అక్కడ అదే మాట రుచి బిళ్లకు పర్యాయపదం. రెండు మూడు రోజుల శ్రమతో, కట్టెల ఖర్చుతో, ఇంటినిండా వాసనతో తయారయ్యే దవాదవాకు బదులు చిల్లర పైసలకు దొరికే బిళ్ల పట్టణ గృహిణికి సౌకర్యమైనది.

ఈ మార్పు మిరప, వేరుశనగలు తెచ్చిన మార్పు వంటిదేనా అన్నది ఆలోచించదగినది. రుచి స్థానాన్ని మరొక దినుసు భర్తీ చేసినంతవరకు ఇది పాత సూత్రానికి లోబడినదే. ఒక ముఖ్యమైన భేదం ఉంది. వేరుశనగను స్వీకరించిన స్త్రీ దానిని విత్తడం, నూరడం, నూనె తేలేవరకు ఉడికించడం తెలుసుకొన్నది. ఆమె జ్ఞానం పెరిగింది. బిళ్లను స్వీకరించినప్పుడు తయారీ జ్ఞానం కర్మాగారానికి బదిలీ అయింది. దవాదవా చేయడం రాని తరం వచ్చినప్పుడు దినుసు ఒక్కటే పోదు. ఆ స్థానాన్ని స్వయంగా నింపుకొనే శక్తి కూడా పోతుంది. మరోవైపు ఉత్తర నైజీరియాలో పార్కియా గింజల కొరత ఏర్పడినచోట స్త్రీలు సోయా చిక్కుడుతో దవాదవా తయారుచేయడం నేర్చుకొన్నారు. గింజ మారింది, పద్ధతి నిలిచింది. బిళ్లతో పోల్చి చూడదగిన ఉదాహరణ ఇదే.

8. ముగింపు

పై పరిశీలననుండి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, పశ్చిమ ఆఫ్రికా పులుసుకు మూడువేల ఏళ్లకు మించిన చరిత్ర ఉంది. రాజస్థానం, పాకగ్రంథం లేనంతమాత్రాన ఆ చరిత్ర లేకుండా పోదు. దానిని చదవడానికి కుండ పెంకు, మాట, మొక్క, పథ్యం వంటి ఆధారాలు కావాలి. రెండవది, ఏ దినుసు ఎక్కడ పుట్టింది అన్న ప్రశ్నతోనే సంప్రదాయాన్ని నిర్ణయించడం సరికాదు. ఆ కొలతతో చూస్తే మాఫె ఆఫ్రికాది కాకుండా పోతుంది, మిరపకారం వేసిన గోంగూర పచ్చడి తెలుగువారిది కాకుండా పోతుంది. కొత్త దినుసుకు ఏ స్థానం ఇవ్వాలో నిర్ణయించే పద్ధతిలోనే సంప్రదాయం ఉంది. మూడవది, ఆ పద్ధతిని తరాలు దాటించినవారు ప్రధానంగా స్త్రీలు. బానిస ఓడ, తోటల యజమాన్యం, వలస వాణిజ్యం వారి శ్రమను వాడుకొన్నాయి కానీ వారి పేర్లు వ్రాయలేదు.

తెలుగు ప్రాంతపు ఆహార చరిత్ర పరిశోధనకు కూడా ఈ పద్ధతి ఉపయోగపడగలదు. కావ్యాలలోని భోజన వర్ణనలు, శాసనాలలోని నైవేద్యపు దానాలు సంపన్నుల వంటను, ఆలయాల వంటను చెబుతాయి. సంగటి, అంబలి, ఆకు పులుసుల చరిత్ర వాటిలో అరుదుగా దొరుకుతుంది. అది బాలింత పథ్యంలో, గ్రామదేవతల నైవేద్యంలో, నవీన శిలాయుగపు కుండ పెంకులలో ఉంది. దవాదవా వండే తరంవలెనే ఆ వంటలు తెలిసిన తరం కూడా తరిగిపోతున్నందున, ఆ సేకరణకు ఉన్న సమయం పరిమితం.